తలుపు దగ్గర నిలబడే మనిషి

(తిరుపతిలోని ఒక మహిళా డిగ్రీ కళాశాలలో చివరి సంవత్సరం విద్యార్థినులను, వారి తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగం ఇది. వక్త చిత్తూరు జిల్లాకు చెందిన మహిళ. చాలాకాలం విమానాలలో కేబిన్ క్రూగా, అంటే ప్రయాణికుల మధ్య ఉండే సిబ్బందిగా, పనిచేసి, ప్రస్తుతం కొత్తగా చేరేవారికి భద్రతా శిక్షణ ఇస్తున్నారు. సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి ఇస్తున్నాం.)

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థినులకు, వారితో పాటు వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. ఆహ్వాన పత్రికలో నా ప్రసంగానికి ‘ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం, అవకాశాలు’ అని పేరు పెట్టారు. అవకాశాల మాట చెబుతాను, తప్పకుండా చెబుతాను. ముందు ఆ ఉద్యోగం ఏమిటో చెప్పనివ్వండి. ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే అమ్మాయిల్లో చాలామందికి, వాళ్లను పంపడానికి వెనకాడే తల్లిదండ్రుల్లో ఇంకా చాలామందికి, అది ఏం పనో సరిగ్గా తెలియదని శిక్షణ ఇచ్చే ప్రతి బ్యాచ్‌లోనూ నాకు తెలిసివస్తూ ఉంటుంది. ఒద్దికగా తయారవడం, నవ్వుతూ పలకరించడం, టీ ఇవ్వడం, ఇంతే కదా అనుకుని కొందరు వస్తారు. ఇంతే కదా అనుకునే కొందరు రాకుండా ఆగిపోతారు.

మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. రేణిగుంట నుంచి హైదరాబాదుకు విమానంలో దాదాపు గంట ప్రయాణం. ఆ గంటలో ఎవరికైనా ఆకలి వేసి ప్రాణం మీదికి వస్తుందా? మంచినీళ్ల సీసా మనమే తెచ్చుకోలేమా? మరి ఆ విమానంలో ఇద్దరు అమ్మాయిలను ఎందుకు పెడుతున్నారు? విమాన సంస్థ మర్యాద కోసం పెట్టిందనుకుంటున్నారా? అది చట్టం. మన దేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ నిబంధన ప్రకారం ప్రతి యాభై సీట్లకు కనీసం ఒక కేబిన్ క్రూ ఉండి తీరాలి. డెబ్బై ఎనిమిది సీట్ల ఏటీఆర్ అనే చిన్న విమానంలో ఇద్దరు, నూట ఎనభై సీట్ల ఎయిర్‌బస్‌లో నలుగురు. భోజనం ఎక్కించకుండా విమానం బయలుదేరవచ్చు, టీ లేకుండా బయలుదేరవచ్చు. కానీ ఆ నలుగురిలో ఒక్కరు తగ్గినా నిండుగా ప్రయాణికులతో కదలడానికి వీల్లేదు. అంటే చట్టం దృష్టిలో వాళ్ల పని వడ్డన కాదు. ఏదైనా జరిగితే మిమ్మల్ని ప్రాణాలతో కిందికి దించడం. ఈ ఒక్క మాట మీరు ఇంటికి తీసుకువెళితే నేను వచ్చిన పని అయినట్టే. మిగతాదంతా దానికి వివరణ.

ఈ వృత్తి మొదలైందే సంరక్షణతో. 1912లో జర్మనీలో జెప్పెలిన్ గాలి ఓడల్లో పనిచేసిన హైన్రిక్ కుబిస్‌ను ప్రపంచంలో మొదటి విమాన పరిచారకుడని చెబుతారు. మహిళల్లో మొదటివారు అమెరికాకు చెందిన ఎలెన్ చర్చ్. 1930 మే 15న బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ విమానంలో ఆమె విధుల్లోకి వచ్చారు. ఆమె నర్సు. ఆమెతో పాటు తీసుకున్న మిగతా ఏడుగురూ నర్సులే. అప్పటి విమానాలు ఎక్కువ ఎత్తుకు పోలేక కుదుపుల్లోనే ఎగిరేవి, ప్రయాణికులు వాంతులతో, భయంతో సతమతమయ్యేవారు. నర్సు పక్కన ఉంటే జనం ధైర్యంగా ఎక్కుతారని ఆమె సంస్థను ఒప్పించారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రకటనలు ఈ వృత్తిని అందం చుట్టూ, చిరునవ్వు చుట్టూ తిప్పాయి. పునాది మాత్రం అప్పటికీ ఇప్పటికీ అదే.

ఇప్పుడు ఒక మామూలు రోజు చెబుతాను. ఉదయం ఆరు గంటల విమానానికి రెండున్నరకో మూడుకో లేవాలి. విమానం ఎక్కే ముందు బ్రీఫింగు ఉంటుంది. దానికి నాయకత్వం వహించే సీనియర్ ఒక్కొక్కరినీ భద్రతకు సంబంధించిన ప్రశ్నలు అడుగుతుంది. నీ తలుపు దగ్గర మంట కనబడితే ఏం చేస్తావు? పొగలో తలుపు ఎలా వెతుక్కుంటావు? జవాబు తడబడితే ఆ రోజు ఆమెను విమానం ఎక్కనివ్వకుండా ఆపే అధికారం ఉంటుంది. ప్రయాణికులు రాకముందే వీళ్లు విమానం ఎక్కి, ఆక్సిజన్ సీసాల్లో పీడనం ఎంత ఉందో, మంటలార్పే సిలిండర్ల ముల్లు పచ్చగీతలో ఉందో లేదో, మెగాఫోను పలుకుతుందో లేదో, టార్చిలైటు వెలుగుతుందో లేదో, పొగ ముసుగులు సీలు చెక్కుచెదరకుండా ఉన్నాయో లేదో చూస్తారు. మరుగుదొడ్లు, సామాను అరలు, సీట్ల కింద ఖాళీలు తడిమి, ఉండకూడని వస్తువు ఏదైనా ఉందేమో వెతుకుతారు. మీరు లోపల అడుగు పెట్టే వేళకు ఆమె ఇదంతా ముగించి, చీర సర్దుకునో కోటు సర్దుకునో, తలుపు దగ్గర నమస్కారం పెడుతూ నిలబడి ఉంటుంది.

ఆ నమస్కారం పెడుతూ ఆమె ఏం చూస్తుందో తెలుసా? మీ నడక చూస్తుంది. మీ నోటి వాసన గమనిస్తుంది, తాగి ఉన్నారేమోనని. ఎవరు ఆయాసపడుతున్నారు, ఎవరు నిండు గర్భిణి, ఎవరికి చేతికట్టు ఉంది, ఎవరు దిట్టంగా ఉన్నారు, ఆపద వస్తే తలుపు తీయడానికి ఎవరిని సాయం అడగవచ్చు, ఇదంతా ఆ రెండు మూడు క్షణాల్లో లెక్క వేసుకుంటుంది. అత్యవసర ద్వారం పక్క సీట్లలో కూర్చున్నవారి దగ్గరికి వెళ్లి ‘అవసరమైతే ఈ తలుపు తీయగలరా?’ అని విడిగా అడుగుతుంది. చాలామంది ఫోను చూస్తూ తల ఊపేస్తారు. దయచేసి అలా ఊపకండి. ఆమె అప్పగిస్తున్నది ఒక తలుపును.

మన రేణిగుంట విమానాల్లో ఇంకో ప్రత్యేకత ఉంది, మీకందరికీ తెలిసిందే. తిరుగు ప్రయాణంలో దాదాపు ప్రతి చేతిలోనూ లడ్డూల సంచి ఉంటుంది. జీవితంలో మొదటిసారి విమానం ఎక్కే పెద్దవాళ్లు ఎక్కువ. ఒకసారి ఒక పెద్దావిడ, కొత్తగా గుండు చేయించుకుని, నుదుటన గంధంతో, ప్రసాదం సంచి ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. టేకాఫ్ సమయంలో ఒళ్లో సంచి ఉండకూడదు. విమానం అకస్మాత్తుగా ఆగితే అది ఎగిరి ముందున్నవాళ్లకు తగులుతుంది, లేవాల్సి వస్తే కాళ్లకు అడ్డం పడుతుంది. మా సిబ్బందిలో ఒక అమ్మాయి వచ్చి సీటు కింద పెట్టమంది. ‘స్వామి ప్రసాదం కాళ్ల దగ్గర పెట్టమంటావా తల్లీ?’ అని ఆవిడ ససేమిరా అంది. పై అరలన్నీ నిండిపోయాయి. విమానం అప్పటికే కదలడానికి సిద్ధంగా ఉంది. ఆ అమ్మాయి వాదించలేదు, నిబంధన వినిపించలేదు. ముందు వరుసలో ఒక యువకుణ్ణి అడిగి అతని ల్యాప్‌టాప్ సంచిని సీటు కిందికి దింపించి, ఆ ఖాళీలో ప్రసాదాన్ని పైన భద్రంగా పెట్టి, ‘మీ తల కంటే ఎత్తులో ఉంది అవ్వా, దిగేటప్పుడు నేనే చేతికిస్తాను’ అని చెప్పి, బెల్టు తన చేతులతో బిగించి వెళ్లింది. నిబంధన నిలిచింది, ఆవిడ మనసూ నిలిచింది. ఈ వృత్తిలో నేర్పు అంటే ఇదే అంటాను. ఆ నిమిషంలో ఆమె పలికిన ఆ మెత్తని మాట కూడా భద్రతలో భాగమే. ఎందుకంటే, ఆపదలో ఆ అవ్వ ఎవరి మాట వింటుంది? తనను గౌరవించిన మనిషి మాటే వింటుంది.

ప్రయాణికులందరూ ఎక్కాక స్పీకరులో ఒక ఆదేశం వినబడుతుంది, తలుపులు ఆర్మ్ చేసి క్రాస్ చెక్ చేయమని. దాని అర్థం చెబుతాను. పెద్ద విమానాల్లో ప్రతి తలుపు అడుగున గాలి నింపుకునే జారుడు స్లయిడ్ మడిచి ఉంటుంది. ఆర్మ్ చేశాక ఆ తలుపు తెరిస్తే, కొన్ని సెకన్లలో అది ఉబ్బి నేల దాకా పరుచుకుంటుంది. గమ్యం చేరాక దాన్ని తిరిగి డిసార్మ్ చేయాలి. మరచిపోయి తలుపు తెరిస్తే, బయట మెట్లు ఆనించడానికి వచ్చిన సిబ్బంది మీద ఆ బరువు విరుచుకుపడుతుంది, మనిషి ప్రాణం పోవచ్చు. అందుకే ఒకరు చేసింది ఎదుటి తలుపు దగ్గరి మనిషి సరిచూస్తుంది. తన కళ్లతో చూసి, వేలితో చూపి, నోటితో చెప్పాలి. కొత్తవాళ్లు ‘ఇంత చిన్న పనికి ఇంత తంతు ఎందుకు మేడమ్’ అంటారు. రోజుకు నాలుగు విమానాలు మారి, నాలుగోసారి రాత్రి పదకొండు గంటలకు అలసిపోయిన చేతులు ఆ పని చేసేటప్పుడు, ఆ తంతే వాళ్లను కాపాడుతుంది.

ఆ తర్వాత ఆమె జంప్ సీటులో, అంటే సిబ్బంది కోసం ఉండే మడత సీటులో, కూర్చుంటుంది. భుజాల మీదుగా బెల్టు, వీపు నిటారుగా, చేతులు కదపకుండా. చూసేవారికి ఖాళీగా కూర్చున్నట్టు ఉంటుంది. ఆ సమయంలో ఆమె మనసులో ఒక పాఠం చదువుకుంటూ ఉంటుంది. దానిని సైలెంట్ రివ్యూ అంటాం. ఇప్పుడు టేకాఫ్ ఆగిపోతే ఏం ఆదేశం ఇవ్వాలి? నా తలుపు పిడి ఎటు తిప్పాలి? కిటికీ బయట మంట ఉంటే ఏ తలుపుకు మళ్లించాలి? నా సాయానికి ఎవరిని అనుకున్నాను? ప్రమాదాల్లో ఎక్కువ భాగం పైకి లేచిన మొదటి మూడు నిమిషాల్లోనూ, దిగే ముందు చివరి ఎనిమిది నిమిషాల్లోనూ జరుగుతాయని మా శిక్షణలో చెబుతాం. కిటికీ తెరలు ఎత్తమని, రాత్రివేళ లైట్లు తగ్గిస్తామని, సీటు నిటారుగా పెట్టమని ఆ సమయంలోనే ఎందుకు అడుగుతారు? కిటికీ తెరిచి ఉంటే బయట మంట కనబడుతుంది. లైట్లు తగ్గిస్తే కళ్లు చీకటికి ముందే అలవాటు పడతాయి. సీటు వెనక్కి వాలి ఉంటే వెనుక మనిషి లేవలేడు. ఒక్కొక్క మాట వెనుక ఎక్కడో ఒక ప్రమాదం, కొందరి మరణం ఉన్నాయి. అవి ఊరికే పుట్టిన నియమాలు కావు.

ఎంత సమయంలో దించాలి? నలభై నాలుగు సీట్లకు మించిన విమానాన్ని తయారుచేసినవారు, నిండుగా మనుషులతో, చీకటిలో, సగం తలుపులు మాత్రమే వాడి, తొంభై సెకన్లలో అందరూ బయటపడగలరని నిరూపించాలి. తొంభై సెకన్లు! మన ఇంట్లో పది మంది పెళ్లికి బయలుదేరి గడప దాటడానికి ఎంతసేపు పడుతుంది? నూట ఎనభై మందికి తొంభై సెకన్లు. 1985 ఆగస్టు 22న ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఒక విమానం టేకాఫ్ పరుగులో ఇంజను పేలి, రన్‌వే పక్క దారిలోకి మళ్లి ఆగిపోయింది. గాలిలోకి లేవనే లేదు, నేల మీదే ఉంది. అయినా యాభై ఐదు మంది చనిపోయారు, వారిలో చాలామంది పొగకు. తలుపుల దాకా దారి ఇరుకై, జనం ఒకరినొకరు తోసుకుని ఇరుక్కుపోయారు. ముందు తలుపు దగ్గర బిగుసుకుపోయిన మనుషులను ఒక పరిచారిక చేతులతో పట్టి లాగి దారి విడదీసింది. ఆ ఒక్క చేయి లేకపోతే ఆ తలుపు తెరిచి ఉండీ మూసినట్టే అయ్యేది.

జనం, ఇరుకు దారి, తోపులాట అంటే ఏమిటో తిరుపతివారికి నేను చెప్పనక్కర్లేదు. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన భక్తుల్లో ఆరుగురు ఇదే ఊళ్లో తొక్కిసలాటలో ప్రాణాలు విడిచారు. వాళ్లందరూ మంచివాళ్లే, భక్తితో వచ్చినవాళ్లే. గుమిగూడిన చోట మనిషి మంచితనం అతన్ని ఆపలేదు. ఇటు రండి, అటు ఆగండి, కూర్చోండి, దూకండి అని గట్టిగా చెప్పే గొంతు ఒకటి కావాలి. ఆ గొంతు కోసమే శిక్షణ. మా తరగతిలో నెమ్మదిగా మాట్లాడే అమ్మాయిల చేత మొదట చేయించే పని అరవడం. ‘బెల్టు విప్పండి! సామాను వదిలేయండి! ఇటు రండి!’ సిగ్గుపడతారు, నవ్వుతారు, గొంతు బొంగురుపోతుంది. మూడో రోజుకు గది అద్దాలు అదురుతాయి.

ఆ గొంతు ఏం చేయగలదో 2024 జనవరి 2న ప్రపంచమంతా చూసింది. టోక్యోలోని హనెడా విమానాశ్రయంలో దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం, రన్‌వే మీదున్న తీరరక్షక దళ విమానాన్ని ఢీకొని మంటల్లో చిక్కుకుంది. ఆ చిన్న విమానంలో ఐదుగురు చనిపోయారు. పెద్ద విమానంలో 367 మంది ప్రయాణికులు, 12 మంది సిబ్బంది ఉన్నారు. లోపల సిబ్బంది మాట్లాడుకునే ఫోను వ్యవస్థ పనిచేయలేదు. ఎనిమిది తలుపుల్లో మూడే వాడదగినవని సిబ్బంది కిటికీల్లోంచి చూసి నిర్ణయించుకున్నారు. మెగాఫోన్లతోనూ, ఉత్త గొంతులతోనూ అందరినీ ఆ మూడు తలుపులకే మళ్లించారు. 379 మందీ బయటపడ్డారు. విమానం మాత్రం కాలి బూడిదైంది. పొగలో ఒక తలుపు తీయకుండా ఉండాలని నిర్ణయించడం, తీయడం కంటే కష్టం. జనం ఆ తలుపు తీయమని మీద పడుతూ ఉంటారు. తెరిస్తే మంట లోపలికి వస్తుంది. అప్పుడు వీపు తలుపుకు ఆనించి, చేతులు అడ్డం పెట్టి నిలబడాలి. ఈ సభలో కూర్చున్న అమ్మాయిల్లో ఎవరికైనా ఈ ఉద్యోగం మీద మనసుంటే, తమను తాము అద్దంలో కాకుండా అక్కడ, ఆ తలుపు ముందు ఊహించుకోమంటాను.

మంటల మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెబుతాను. ఆకాశంలో మంట పుడితే ఫైరింజను రాదు. వీళ్లే ఫైరింజను. 1973లో పారిస్ దగ్గర ఒక బ్రెజిల్ విమానం మరుగుదొడ్డిలో మొదలైన మంట వల్ల 123 మంది చనిపోయారు. 1983లో ఎయిర్ కెనడా విమానంలో మళ్లీ మరుగుదొడ్డి దగ్గరే మంట. విమానం దిగింది కానీ, తలుపులు తెరిచాక లోపలికి దూసుకువచ్చిన గాలికి మంట భగ్గుమని, ఉన్న 46 మందిలో 23 మంది చనిపోయారు. ఇవాళ మరుగుదొడ్డిలో పొగను పసిగట్టే పరికరం, నేల మీద దారి చూపే దీపాలు ఉన్నాయంటే ఆ మరణాల నుంచి వచ్చినవే. లోపల సిగరెట్టు కాల్చిన మనిషి ‘ఒక్కటే కదా’ అని వాదించినప్పుడు, మా అమ్మాయి ముఖం ఎందుకు గట్టిపడుతుందో ఇప్పుడు మీకు అర్థమైందనుకుంటాను.

ఇప్పటి భయం బ్యాటరీలది. అందరి జేబుల్లోనూ ఫోన్లు, సంచుల్లో పవర్ బ్యాంకులు. లిథియం బ్యాటరీ లోపల వేడెక్కడం మొదలైతే, ఒక సెల్‌లోని వేడి పక్క సెల్‌కు పాకుతూ, పైకి కనబడే మంట ఆరినా మళ్లీ రేగుతుంది. దాన్ని ఎలా అణచాలి? మొదట హేలాన్ అనే మంటలార్పే వాయువు సిలిండరుతో మంట ఆర్పుతారు. తర్వాత నీళ్లు పోస్తూ పోస్తూ పోతారు, చల్లారేదాకా. మంచుగడ్డలు వేయకూడదు, దుప్పటి కప్పకూడదు. కప్పితే వేడి లోపలే ఉండిపోతుంది. అది చేసే అమ్మాయి తలకు పొగ ముసుగు, చేతులకు గ్లోవ్స్, చుట్టూ అరుపులు. ఇంకొకరు ఆమెకు నీళ్ల సీసాలు అందిస్తారు, మరొకరు కాక్‌పిట్‌కు, అంటే పైలట్ల గదికి, కబురు చెబుతారు. అందుకే పవర్ బ్యాంకును చెక్-ఇన్ సామానులో పెట్టవద్దంటారు. కింది సామాను గదిలో రాజుకుంటే ఏ చేయీ అక్కడికి చేరదు. సీట్ల సందులో ఫోను జారిపోతే మీరే సీటు కదిపి వెతకవద్దు, వాళ్లను పిలవండి. సీటు యంత్రంలో ఫోను నలిగితే అదే నిప్పు. ఇంటికి వెళ్లి ఈ ఒక్కటీ మీవాళ్లకు చెప్పండి.

గుండెపోట్లు, మూర్ఛలు, కాన్పులు, వీటి గురించి కొద్దిగానే చెబుతాను, ఊహించగలరు. ప్రథమ చికిత్స, ఛాతీ మీద నొక్కి గుండెను కొట్టించడం, ఆక్సిజన్ పెట్టడం అందరికీ నేర్పుతారు, ప్రతి ఏటా మళ్లీ పరీక్ష పెడతారు. తప్పితే ఎగరనివ్వరు. ఆక్సిజన్ ముసుగు ‘ముందు మీరు పెట్టుకుని తర్వాత పిల్లలకు పెట్టండి’ అంటే మన తల్లులకు మనసొప్పదు, నాకు తెలుసు. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో గాలి పీడనం పోతే తెలివి నిలిచేది ముప్పై నుంచి అరవై సెకన్లే. తల్లి స్పృహ తప్పితే బిడ్డకు ముసుగు పెట్టేదెవరు?

నీరజా భనోత్ పేరు మీరు వినే ఉంటారు. 1986 సెప్టెంబరు 5న ముంబయి నుంచి న్యూయార్క్ వెళుతున్న పాన్ యామ్ విమానాన్ని కరాచీలో సాయుధులు చేజిక్కించుకున్నారు. ఆమె అప్పటికి సీనియర్ పర్సర్, అంటే కేబిన్ సిబ్బందికి పెద్ద. వయసు ఇరవై రెండు. ఇంకో రెండు రోజుల్లో ఇరవై మూడు నిండేవి. ఆమె ముందు చేసిన పని కాక్‌పిట్‌కు హెచ్చరిక పంపడం. పైలట్లు పై ద్వారం గుండా బయటపడ్డారు, విమానం ఎగరలేకపోయింది. అమెరికన్లను ఏరడానికి పాస్‌పోర్టులు సేకరించమన్నప్పుడు ఆమె, ఆమె సహచరులు అమెరికన్ పాస్‌పోర్టులు దాచేశారు. గంటలకు గంటలు గడిచి కాల్పులు మొదలైనప్పుడు తలుపు తెరిచి జనాన్ని బయటికి పంపింది. తాను ముందు దిగిపోగలిగీ దిగలేదు, ఆ కాల్పుల్లోనే ప్రాణాలు కోల్పోయింది. అశోక చక్ర పొందిన తొలి మహిళ ఆమె. ఆమె ధీరత్వాన్ని అందరూ చెబుతారు, చెప్పాలి కూడా. నేను తరగతిలో ఇంకోటి చూపిస్తాను. హెచ్చరిక పంపడం, తలుపు తెరవడం, చివరి దాకా ఆగడం, ఈ మూడూ ఆమెకు శిక్షణలో నేర్పిన పనులే. తుపాకుల మధ్య వాటిని వరుస తప్పకుండా చేసింది.

ఇక శరీరం సంగతి. కేబిన్‌లో గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉన్నంత పలచగా ఉంటుంది. మన తిరుమల ఎత్తు దాదాపు మూడు వేల అడుగులే. ఆ పలచని పొడిగాలిలో రోజంతా నడవాలి, బరువైన బండి తోయాలి. జలుబు చేస్తే చెవులు పగిలేంత నొప్పి. రోస్టరు ప్రకారం ఒకరోజు తెల్లవారుజామున, మరో రోజు అర్ధరాత్రి. నిద్రకు ఒక వేళ ఉండదు. కుదుపుల్లో ఎక్కువ దెబ్బలు తగిలేది కూడా వీళ్లకే. బెల్టు పెట్టుకుని మీరు కూర్చుంటారు, వాళ్లు నిలబడి ఉంటారు. 2024 మే 21న లండన్ నుంచి సింగపూరు వెళుతున్న విమానం తీవ్రమైన కుదుపుల్లో చిక్కి బ్యాంకాక్‌లో దిగింది. ఒక ప్రయాణికుడు చనిపోయాడు, ఎందరో గాయపడ్డారు, సిబ్బంది కూడా. బెల్టు గుర్తు వెలిగాక ‘ఒక్క కాఫీ’ అని పిలిచే ముందు ఇది గుర్తు చేసుకోండి.

జీతం మాట కూడా దాచకుండా చెప్పాలి. చాలా సంస్థల్లో స్థిరమైన జీతం కొంత, ఎగిరిన గంటలను బట్టి వచ్చేది కొంత. ఆ గంటల లెక్క విమానం కదిలినప్పుడు మొదలై, ఆగినప్పుడు ముగుస్తుంది. ఇందాక నేను చెప్పిన తనిఖీలు, మిమ్మల్ని ఎక్కించడం, సామాను సర్దించడం, ఆలస్యమైన విమానంలో మీ కోపం భరించడం, ఇదంతా చాలాచోట్ల ఆ లెక్కలోకి రాదు. 2025 ఆగస్టులో ఎయిర్ కెనడాలో పదివేల మందికి పైగా ఫ్లయిట్ అటెండెంట్లు సమ్మె చేశారు. వాళ్ల ప్రధానమైన కోరికల్లో ఒకటి ఇదే, నేల మీద చేసే పనికి కూలి ఇమ్మని. అది న్యాయమైన కోరిక అని నా నిశ్చితాభిప్రాయం. తొంభై సెకన్ల పని కోసం మనిషిని పెట్టుకున్న వ్యవస్థ, ఆ మనిషిని ఆ పనికి సిద్ధం చేసే గంటలకు వెల కట్టకపోవడం నాకు సబబుగా తోచదు.

జీతం కంటే బాధపెట్టేది చిన్నచూపు. చిటికె వేసి పిలుస్తారు. చేయి పట్టి లాగుతారు. అడగకుండా ఫొటో తీస్తారు. నేను పనిచేసిన రోజుల్లో, నడవలో వెళుతున్న ఒక కొత్త అమ్మాయిని ఒక ప్రయాణికుడు తాకితే, ఫిర్యాదు రాయబోయిన ఆమెను ‘కస్టమరు పోతాడు’ అని ఒక అధికారి ఆపబోయాడు. మేమందరం కలిసి రాయించాం. ఇవాళ నిబంధన స్పష్టంగా ఉంది. 2017లో డీజీసీఏ తెచ్చిన నియమాల ప్రకారం దురుసు మాటలకు, సైగలకు మూడు నెలల దాకా, చేయి చేసుకోవడానికీ అసభ్యంగా తాకడానికీ ఆరు నెలల దాకా, ప్రాణాపాయం తెచ్చే ప్రవర్తనకు కనీసం రెండేళ్లు విమానం ఎక్కకుండా నిషేధించవచ్చు. అమ్మాయిలూ, ఈ నియమాలు కంఠస్థం చేసుకుని వెళ్లండి. ప్రయాణికులుగా వెళ్లే పెద్దలు, పక్క సీటువాడు అలా ప్రవర్తిస్తే మౌనంగా ఉండకండి. ‘అమ్మా’ అని పిలవడం మన ఊరి అలవాటు. విమానంలోనూ ఆ అలవాటు మానవద్దు.

తల్లిదండ్రులు నన్ను రెండు విషయాలు అడుగుతారు. మొదటిది భయం. 2025 జూన్ 12న అహ్మదాబాదులో కూలిన విమానంలో ప్రయాణికులతో పాటు ఇద్దరు పైలట్లు, పది మంది కేబిన్ సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్లూ ఒక ఇంటి బిడ్డలే. ఆ వార్త చూశాక మీ అమ్మాయిని పంపడానికి భయపడితే నేను తప్పు పట్టను. విమాన ప్రయాణం మొత్తం మీద చాలా సురక్షితమైనదన్నది నిజం, ఆ రోజు జరిగిందీ నిజం. రెండూ తెలిసి నిర్ణయించుకోండి.

రెండోది పెళ్లి. ‘పెళ్లయితే తీసేస్తారట కదా?’ అని ఇప్పటికీ అడుగుతారు. ఒకప్పుడు ఆ భయానికి ఆధారం ఉంది. ఎయిర్ ఇండియా నిబంధనల్లో, చేరిన నాలుగేళ్ల లోపు పెళ్లి చేసుకున్నా, మొదటిసారి గర్భం దాల్చినా ఉద్యోగం పోయేది. అవేవీ లేకున్నా ముప్పై అయిదేళ్లకు పదవీ విరమణ. నర్గేష్ మీర్జా, ఆమె సహోద్యోగులు కోర్టుకు వెళ్లారు. 1981లో సుప్రీంకోర్టు, గర్భం దాల్చినందుకు తీసివేయడం రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. నాలుగేళ్ల పెళ్లి నిబంధనను మాత్రం అప్పుడు కొట్టివేయలేదు. ఆ తీర్పులో ఆ భాగం నాకు ఈనాటికీ మింగుడుపడదు. ఇవాళ పెళ్లయినవాళ్లు, పిల్లల తల్లులు విమానాల్లో పనిచేస్తున్నారు, మగపిల్లలూ చేస్తున్నారు. గర్భిణిగా ఉన్నప్పుడు ఎగరకుండా ఆపుతారు, అది ఆరోగ్యం కోసం.

ఇక అవకాశాలు. ఇంటర్ పాసై ఉండాలి. ఇంగ్లీషు, హిందీ ధారాళంగా రావాలి. పై అరలోని పరికరాలు చేతికి అందేంత ఎత్తు ఉండాలి. వైద్య పరీక్ష నెగ్గాలి. ఈత రానివాళ్లు ఈ వేసవిలో నేర్చుకోండి. శిక్షణలో నీటి మీద దిగిన విమానం నుంచి బయటపడే అభ్యాసం కొలనులో చేయిస్తారు. ఇప్పుడు చెప్పేది తల్లిదండ్రులు జాగ్రత్తగా వినాలి. మన జిల్లాలో ఎకరం తాకట్టు పెట్టి, తల్లి మెడలోని గొలుసు కుదువ పెట్టి, లక్షలు పోసి ‘ఎయిర్ హోస్టెస్ కోర్సు’లో చేర్చిన కుటుంబాలను నేను చూశాను. ఉద్యోగం గ్యారంటీ అన్నవాళ్లు తర్వాత ఫోను ఎత్తరు. తలుపు తీయడం, మంట ఆర్పడం, జనాన్ని దించడం అనే అసలు శిక్షణ, డీజీసీఏ ఆమోదంతో, ఉద్యోగానికి ఎంపికైన తర్వాత విమాన సంస్థే ఇస్తుంది. బయట ఏ కోర్సు చేసినా అది మళ్లీ చేయాల్సిందే. నియామక ప్రకటనలు ఆయా సంస్థల సొంత వెబ్‌సైట్లలో వస్తాయి. ఎవరైనా మధ్యలో నిలబడి డబ్బు కట్టమంటే, కట్టే ముందు ఆ వెబ్‌సైట్ తెరిచి చూడండి. అది ఎలా చూడాలో తెలియనివారు సభ అయ్యాక నా దగ్గరికి రండి, మీ ఫోనులోనే చూపిస్తాను. ఇక ప్రశ్నలు. ముందు తల్లిదండ్రులు అడగండి.